అక్క తిరిగివ్వని డిస్కు

అక్కా,

నువ్వూ బావా కులాసా అనుకుంటాను. మేమూ కులాసాయే, ఒక్క కంప్యూటర్ తప్ప.

నిన్న పై వాటాలో నీళ్ల పైపు పగిలి, సరిగ్గా మన కుట్టు దుకాణంలో కంప్యూటర్ బల్ల మీదకే ధార కట్టింది. ఖాతాదార్ల కొలతలు, కత్తిరింపు నమూనాలు అన్నీ అందులోనే. అయినా నేను కంగారు పడలేదు. రోజూ దుకాణం కట్టేసే ముందు అన్నిటికీ ఇంకో డిస్కులో నకలు తీస్తాను కదా. తీరా చూస్తే, ఎక్కడ పారేసుకుంటానోనని ఆ డిస్కును కంప్యూటర్‌కే నాడాతో కట్టి ఉంచాను. రెండూ కలిసే మునిగాయి.

నీ మరదలు తల పట్టుకుని, "కథల్లో మాంత్రికుడైనా ప్రాణాన్ని ఏడు సముద్రాల అవతల చిలకలో దాచుకున్నాడు. మీరు చిలకను చంకలోనే పెట్టుకున్నారు" అంది.

అప్పుడు గుర్తొచ్చావు నువ్వు. పెళ్లి ఫొటోలు చూసి ఇచ్చేస్తానని పోయిన నెల నువ్వు పట్టుకెళ్లిన ఇంకో డిస్కులో అప్పటిదాకా ఉన్న కొలతలన్నీ ఉన్నాయి. ఈ నెల వచ్చినవాళ్లను, కాస్త చిక్కినట్టున్నారని చెప్పి మళ్లీ కొలుచుకుంటాం.

నువ్వు ఏది తీసుకెళ్లినా తిరిగివ్వవని ఇంటిల్లిపాదికీ చెప్పుకున్నాను. ఆ మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఆదివారం వచ్చి అక్కడే నకలు తీసుకుంటాను. డిస్కు నీ దగ్గరే ఉంచు. ఇకమీదట ప్రతి వారం కొత్త కొలతలు తెచ్చి అందులో ఎక్కిస్తాను. నీ ఇంటికన్నా భద్రమైన చోటు లేదు.

డిస్కుతోపాటు తీసుకెళ్లిన నా గొడుగు మాత్రం ఇచ్చెయ్యి. పైపు ఇంకా కారుతోంది, గొడుగుకు నకలు లేదు.

నీ తమ్ముడు