వేడినీళ్ళలో వేసిన రాయి

జూన్ 2

పిచ్చుకా, నీ నోట్‌బుక్కులో వెనక మిగిలిన పేజీల్లో రాస్తున్నాను. నా చదువు ఐదో తరగతిలో ఆగింది, తప్పులుంటాయి. పాత గనిలో కప్పు కూలి నువ్వు పోయి ఈరోజుకి నలభై మూడు రోజులు.

జూన్ 3

షెల్ఫు దులిపాను. నూట పన్నెండు రాళ్ళు. ఊదావి, ఆకుపచ్చవి, తేనెరంగువి. ఒక్కోదాని కింద చీటీ: ఏ గని, ఏ తేదీ, ముందుగా ఎవరి కంట పడింది. పాచికల్లా ఇంత నున్నగా ఎవరు చెక్కారే అని అడిగితే, ఎవరూ చెక్కలేదమ్మా, ఫ్లోరైట్ అలాగే పెరుగుతుంది అనేదానివి.

వదిన వచ్చింది. రాళ్ళకి దుమ్ము దులిపింది చాలు, ముందు నీ తల దువ్వుకో అంది.

జూన్ 6

పొడుగోడు వచ్చాడు. చిన్నప్పటి నుంచీ నీతో రాళ్ళు ఏరినవాడు, గుమ్మం దాటి రాలేదు. పిన్నీ, ఇది దానిది, ఇన్నాళ్ళు నేనుంచుకోవడం తప్పు అన్నాడు. పాత బనీను గుడ్డలో చుట్టిన రాయి, మట్టితో అలాగే ఉంది. ఆ రోజు మీరు తీసింది. నిన్ను చేతులతో తవ్వి బయటికి తెచ్చేటప్పటికి అది అతని సంచిలోనే ఉందట. చీటీ రాసింది అతనే. ముందుగా చూసినవారు అన్న చోట నీ పేరొక్కటే.

నేను కూర్చోమనలేదు.

నిన్ను పాత గనిలోకి తీసుకెళ్ళాడని గని వర్క్‌షాపులో అతన్ని సస్పెండ్ చేశారు. ఉంచాలో తీసెయ్యాలో పదకొండున తేలుస్తారట. వదిన చెప్పింది. ఎంక్వైరీలో నేనిచ్చిన స్టేట్‌మెంట్ మీదే అంతా ఉంది.

జూన్ 7, పొద్దున

మట్టి వదులుతుందని రాయిని వేడినీళ్ళలో వేశాను. గిన్నెలకి చేసినట్టే కదా అనుకున్నాను. టిక్కుమంది. రెండు ముక్కలు.

అదే రోజు, మధ్యాహ్నం

ముక్కలు తువ్వాల్లో మూటకట్టి అతనింటికి పట్టుకెళ్ళాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. వాటిని కిటికీ వెలుతురులో తిప్పి చూశాడు. తప్పు నాదే పిన్నీ, దీనికి చన్నీళ్ళే పొయ్యాలని చెప్పి ఇవ్వాల్సింది అన్నాడు. వాళ్ళమ్మ లోపలి నుంచి, ఊళ్ళో తప్పులన్నీ నీవేరా, ఇంకేమైనా మిగిలితే అవీ నెత్తిన పెట్టుకో అంది. నాకు వినపడాలనే అంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

జూన్ 8

రాస్తాను. రాయకపోతే లోపలే కుళ్ళుతుంది.

ఆ ఆదివారం పొద్దున్నే అతను మనింటికి వచ్చాడు. నాలుగు రోజులుగా వాన, కప్పుకి ఆనించిన దుంగలు నానిపోయుంటాయి, ఇవాళ వద్దు అన్నాడు. నువ్వు సరేనని బూట్లు విప్పేశావు. నేనే ఊరుకోలేదు. రాళ్ళ ఎగ్జిబిషన్ ఇంక వారమే ఉంది, ఖాళీ చేతులతో పోతారా అన్నాను. నీకంత భయమైతే గాజులు తొడుక్కుని ఇంట్లో కూర్చో అన్నాను అతన్ని. మీరిద్దరూ నవ్వారు. నువ్వు మళ్ళీ బూట్లు వేసుకున్నావు. నిన్ను ఒంటరిగా పంపలేక అతనూ హెల్మెట్ పెట్టుకున్నాడు.

పోయినేడు నీకు ఫస్ట్ ప్రైజు వచ్చినప్పుడు పేపర్లో నీ పక్కన నా ఫోటో కూడా పడింది. వీధంతా తిరిగి చూపించాను. నాకు మళ్ళీ అదే కావాలనిపించింది. రాళ్ళ మీద నాకేం ప్రేమ లేదు.

ఎంక్వైరీలో, నేను వద్దు వద్దంటున్నా వీడే లాక్కుపోయాడు అని చెప్పాను. అతను తలెత్తి ఒక్కసారి చూశాడు. కాదనలేదు.

జూన్ 9

గని ఆఫీసు గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చాను.

జూన్ 10

లోపలికి వెళ్ళాను. ఇప్పుడు మాట మారిస్తే మీకే చెడ్డపేరు, ఇంటికెళ్ళి ఆలోచించుకుని రండమ్మా అన్నాడు గుమాస్తా. ఆలోచించుకునే కదా నాయనా అబద్ధం చెప్పాను, నిజానికి ఆలోచనెందుకు, రాసుకో అన్నాను. రాశాడు. చదివి వినిపించమన్నాను. గాజుల మాట వదిలేశాడు. అదీ పెట్టించి సంతకం చేశాను.

సాయంత్రం వదిన వచ్చి, కన్నకూతుర్ని నువ్వే తోశావని నలుగురూ అనుకుంటారే, నోరు మూసుకుని ఉండలేకపోయావా అంది. అనుకోనీ అన్నాను. కాసేపు కూర్చుని, నా తల దువ్వి వెళ్ళింది.

జూన్ 13

బాబూ, నిన్ను మళ్ళీ పనిలోకి పిలిచారని విన్నాను. ఈ నోట్‌బుక్కు మీ అమ్మ చేతికిచ్చి వస్తాను. ముందు పేజీలు దానివి, అవి నీ దగ్గరే ఉండాలి. ఎనిమిదో తారీఖున రాసింది మాత్రం తప్పకుండా చదువు. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. మా గుమ్మం తొక్కకపోయినా ఏమీ అనుకోను. బాగా చిక్కిపోయావు. వేళకి తిను, కడుపునిండా తిను.