సాఫ్ చేసిన పద్యం

మిత్రమా నరసింహా,

నేడు నీ సంవత్సరీకం. గతించినవారి వాక్కును ఇంటివారు తలచుకొనే పుణ్యదినం. ఆ వాక్కుకే యంత్రాలు తెగులు పట్టించాయి.

నాటకంలో నీవు పాడిన పద్యాల క్యాసెట్టును నీ కూతురు లక్ష్మి సిద్దిపేటలోని ఒక స్టూడియోవారిచేత ఫోనులోకి ఎక్కించింది. విన్నాను. నీ దగ్గు లేదు, జనం “వన్స్‌మోర్” కేకలు లేవు. నిర్జన గుహలో పాడినట్టున్నావు.

“గిదేందమ్మా?”

“ఏఐతోటి సాఫ్ చేసిన్రు పెద్దబాపూ. లొల్లంత పోయింది.”

“గా లొల్లి లేకుంటె నాటకమేడిది బిడ్డా? అసలు క్యాసెట్టు పెట్టు.”

మా ఇంటి టేపురికార్డరు తెచ్చి ముందు పెట్టాను. “నీ చాదస్తం నీదే” అని గొణుగుతూనే మీట నొక్కింది. రాగం నడుమ నీవు దగ్గావు. తెరచాటు నుంచి ఒక ఆడగొంతు గదిమింది: “జర నీళ్లు తాగి పాడరాదు?”

“గదెవలు పెద్దబాపూ?”

“మీ అవ్వ.”

తల్లి పోయేనాటికి లక్ష్మి పాలుతాగే పసికందు. ఆ గొంతు వినడం ఇదే మొదలు. టేపు వెనక్కి తిప్పింది.

ఇంత తెలివిగల యంత్రం నీ ఇల్లాలిని చెత్తగా ఎంచి ఊడ్చేసింది, చూశావా?

మన వెనుక పుట్టే పిల్లలకు తమ తల్లుల గొంతు చెవినిండా అందుగాక.