గుమ్మం ముందు చెప్పులు

బాపూ,

నువ్వు పోయాక శంషాబాద్ ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. మొన్న ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఒక సినిమా పెట్టుకున్నాను. అందులో ఒకడు తలుపు తట్టి మంచినీళ్లడుగుతాడు. ఇంటామె వెంటనే తీస్తుంది. వాడి వెనకే ముసుగులేసుకున్న మరో ముగ్గురు లోపలికి వస్తారు. నువ్వుంటే టీవీ మీదికి లేచేవాడివి. "ఏ ఊరోడు, ఎవలింటోడు అని జర అడగాలె గద" అనేవాడివి.

సినిమా సగంలో మన తలుపే ఎవరో కొట్టారు. విమానం మోత తగ్గేదాకా ఆగి, లోపలి నుంచే అడిగాను.

"ఎవలు? ఏ ఊరు?"

"కందుకూరక్కా. బోరు మోటర్లు బాగుచేస్త. ఇంట్ల మొగోళ్లు లేరా?"

"మా బాపు పండుకున్నడు. లేపాల్నా?"

కిటికీలోంచి చూశాను. అతను గుమ్మం ముందున్న నీ చెప్పుల వైపు చూస్తున్నాడు. తొడిగి విడిచినట్టుండాలని వాటిని రోజూ కాస్త అటూ ఇటూ జరుపుతుంటాను.

"వద్దక్కా, పండుకోనియ్యి" అని వెళ్లిపోయాడు.

మళ్లీ కూర్చుని మిగతా సినిమా చివరిదాకా చూశాను. అందులో అంత పెద్ద ఇల్లు బాపూ, గుమ్మం ముందు ఒక్క జత చెప్పులు లేవు.

నీ బిడ్డ