అడగకుండా చాచిన చెయ్యి

అమ్మకు,

నేనిక్కడ క్షేమం. ప్రభువు దయవల్ల నువ్వూ, అమ్మమ్మా, నీ సెలూన్‌కు వచ్చే ఆడవాళ్లందరూ బాగున్నారని తలుస్తాను. ఫోన్‌లో చెబితే సగంలోనే తిట్లు మొదలుపెడతావు కనుక ఉత్తరం రాస్తున్నాను.

కాలేజీలో చదువుతున్నావా, పొద్దస్తమానం స్క్రూలు తిప్పుతున్నావా అని అడిగావు. ఇక్కడ రెండూ ఒకటేనమ్మా. పుస్తకం పట్టుకుని కూర్చున్నవాళ్లను మా పెట్‌వే మేడమ్ లేపి మరీ వర్క్‌షాప్‌కు తోలుతుంది. "మీ ఇంట్లో విసిగించేదాన్ని ముందు బాగుచెయ్యండి, చంద్రుడి సంగతి తర్వాత" అంటుంది. నన్ను విసిగించేది అల్లిన జడలు కుదుళ్ల దగ్గర ఎంతకీ ఆరకపోవడం. అందుకే సన్నని గొట్టాలతో కుదుళ్లకే గాలి కొట్టే టోపీ చేశాను.

శనివారం పోటీ జరిగింది. గెలిస్తే అట్లాంటాలో జరిగే పై పోటీకి పంపుతారు. పరీక్షకు వాళ్లు పెట్టిన బొమ్మ తలకు సన్నని, తిన్నని జుట్టు. నా గొట్టాలు దాని మీద నిలవక జారిపోయాయి.

"పనిచెయ్యడం లేదే" అన్నాడు మార్కులు వేసే పెద్దాయన. ఆయనది బట్టతల.

"ఇలాంటి జుట్టున్న తల మా నల్లపిల్లల్లో ఎవరిదండీ?"

"అందరికీ పెట్టిన తలే నీకూ పెట్టాం, అమ్మాయ్."

ఇక అసలు సంగతి. కూర్చుని చదువు. పోటీ కోసమని నడుం పట్టేసినా ఆపకుండా నువ్వు రోజంతా అల్లిన జడల మీద, బల్ల మీది నీళ్ల కూజా మొత్తం గుమ్మరించుకున్నాను. అందరి ముందూ. టోపీ పెట్టుకుని మీట నొక్కాను.

టోపీ తీయగానే ఆ పెద్దాయన "ఆరిందా?" అంటూ నా జుట్టులోకి చెయ్యి చాపాడు. అడగలేదమ్మా. ఆ చెయ్యి తోసేశాను.

"ముట్టుకోకుండా మార్కులెలా వేస్తాం?"

"అడిగి ముట్టుకోండి."

"అయితే నీ పేరు కొట్టేస్తాం."

"కొట్టేయండి."

కొట్టేశారు. పెట్‌వే మేడమ్ దగ్గరకొచ్చి "చూడనా, తల్లీ?" అని అడిగింది. కుదుళ్లలో వేళ్లు పెట్టి "పొడిగా ఉంది" అని హాలంతా వినబడేలా చెప్పింది. అప్పుడు ఏడుపు ఆగలేదు.

ఇవాళ కబురొచ్చింది. ఆ పెద్దాయనకు క్షమాపణ రాసిస్తే నా పేరు మళ్లీ చేర్చి అట్లాంటాకు పంపుతారట. "రాసెయ్యవే, నీ సొమ్మేం పోయింది" అంటావని తెలుసు. అడక్కుండా మన జుట్టులోకొచ్చే అలాంటి చేతులకు నువ్వు ఇన్నేళ్లూ నవ్వేసి ఊరుకున్నావు. నాకు ఆ నవ్వు రాదు. అట్లాంటా వెళ్లాలని నాకెంత ఉందో నీకు తెలుసు. అయినా సరే, నీ అల్లిక పాడుచేసినందుకు తిట్టు, పడతాను. ఆయనకు మాత్రం రాయను.

ఇట్లు,
నీ మొండి కూతురు
టియోనా