నాయనమ్మ వేళ్ళకు తగిన అట్ట

కాగితాల కొట్టు యజమాని గారికి,

మోసం జరిగింది. చేసింది మీరు. సాక్ష్యం ఈ కవర్లోనే పంపుతున్నాను.

పోయిన వారం మీ కొట్టు నుంచి ఎర్ర కార్డు కాగితం యాభై షీట్లు పార్సిల్లో తెప్పించుకున్నాను. మా అక్క దగ్గర ఒక కటింగ్ మిషను ఉంది. కంప్యూటర్లో బొమ్మ పెట్టి మీట నొక్కితే, అందులోని చిన్న బ్లేడు దానంతటదే తిరిగి కాగితాన్ని ఆ ఆకారంలో కోసిపెడుతుంది. అక్క దాంతో బహుమతుల డబ్బాలు చేసి అమ్ముతుంది. అందులో మీ ఎర్ర కాగితం పెట్టి ఒక 'అ' కోశాను. అంచు చూడగానే ఒళ్ళు మండిపోయింది. పైన ఎరుపు, కింద ఎరుపు, మధ్యలో తెలుపు! పైకొక రంగు, లోపలొక రంగు ఉన్నవాళ్ళ గురించి నేను చదివిన ప్రతి కరపత్రంలోనూ రాశారు. వాళ్ళు కాగితాల్లో కూడా ఉంటారని మాత్రం ఎవరూ రాయలేదు.

డబ్బాల వ్యవహారమైతే ఊరుకునేవాణ్ణి. ఇది మా నాయనమ్మ వ్యవహారం. ముప్పై ఎనిమిదేళ్ళు అచ్చాఫీసులో పనిచేసిన మనిషి. మందుల చీటీని కూడా రెండు వైపులా చదివితే గాని మాత్ర మింగేది కాదు. పోయిన ఏడాది చూపు పోయింది, ఇక రాదన్నారు. అప్పటి నుంచి వరండాలో కుర్చీ గోడ వైపు తిప్పుకుని కూర్చుంటోంది. రేడియో పెడితే కట్టేయమంటుంది. "వినడం వేరు, చదవడం వేరురా. అక్షరాలు నన్నొదిలేసి పోయాయి" అంది ఒకరోజు. ఆ తర్వాత మాటలే తగ్గించేసింది. చుక్కల లిపి నేర్పుతామని ఒకావిడ వస్తే, "ఈ వయసులో మళ్ళీ ఓనమాలా తల్లీ" అని పంపించేసింది.

అందుకని తెలిసిన అక్షరాలనే మందపాటి కాగితంతో కోసి, అట్ట మీద ఉబ్బెత్తుగా అతికించి, ఆమె వేళ్ళతో చదివిద్దామని నా పట్టుదల. అలాంటి పనికి దొంగ కాగితమా? లోపలా బయటా ఒకే మాట మీద నిలబడే కాగితాల నమూనాలు వెంటనే పంపండి. లేదంటే మీ కొట్టు మీద కరపత్రం వేస్తాను.

ఇట్లు,
అన్యాయం ఎక్కడున్నా వాసన పట్టేవాడు,
(మా వీధిలో అందరూ నన్ను 'కరపత్రం' అనే పిలుస్తారు)

తా.క. కరపత్రానికి పనికొచ్చే చవక కాగితం మీ దగ్గర ఉందా?

*

చిరంజీవి కరపత్రానికి దీవెనలు.

మీ ఉత్తరమూ, మీ సాక్ష్యమూ అందాయి. మీరు మోసమన్నది మోసం కాదు బాబూ, అదొక రకం. తెల్ల కాగితానికి రెండు వైపులా రంగు అద్దితే ఇలా ఉంటుంది. గుజ్జులోనే రంగు కలిపి తీస్తే లోపలి దాకా ఒకటే రంగు. మొదటిదాన్ని గరుకు కాగితంతో రుద్దితే తెలుపు తేలి నగిషీలా కనిపిస్తుంది. కావాలని అడిగి కొనుక్కునేవాళ్ళున్నారు. ఏ పనికో అడక్కుండా పంపడం మాత్రం నా తప్పే, ఒప్పుకుంటున్నాను.

మీరు అడిగిన నమూనా ఇందులోనే ఉంది. జాగ్రత్తగా చూడకండి, మొరటుగా వాడండి. అప్పుడే గుణం తెలుస్తుంది. ఒక్క మాట, మరీ మందం జోలికి పోకండి. ఆ బ్లేడు గోరంత ఉంటుంది, గొడ్డలి కాదు.

నాయనమ్మగారికి నమస్కారాలు.

ఇట్లు,
కాగితాల కొట్టు

తా.క. చూపు లేని ఆవిడకి ఎరుపు ఎందుకు బాబూ?

*

అయ్యా,

కవరు దులిపాను. తిరగేసి దులిపాను. అంచులు కోసి, విప్పి, దీపానికి అడ్డంపెట్టి చూశాను. నమూనా లేదు, గిమూనా లేదు! మీ ఉత్తరం ఒక్కటే ఉంది. వచ్చిన కోపానికి దాన్ని నిలువునా చించాను, అడ్డంగానూ చించాను.

మందం వద్దని ఎందుకన్నారో నాకు తెలియదనుకోకండి. గట్టి సరుకు గొప్పవాళ్ళకు, పల్చటి సరుకు మాకు! అందుకే సందు చివర కొట్లో ఉన్నవాటిలోకెల్లా మందమైన అట్ట కొన్నాను. కొట్టు మనిషి "దీంతో చెప్పులు కుట్టిస్తారా?" అని అడిగాడు.

మిషను రెండు నిమిషాలు మూలిగింది. తర్వాత 'టక్' మంది. బ్లేడు మొన విరిగింది. కోసినంత వరకు తీసి చూస్తే ఒక్క అక్షరానికీ తలకట్టు లేదు, అన్నీ అట్టలోనే ఉండిపోయాయి. తలలు లేని అక్షరాలు! అక్క అరవై డబ్బాల పని ఆగిపోయింది. "నీ పోరాటాలేవో వీధిలో చేసుకోరా, నా మిషను మీద కాదు!" అని ప్లగ్గు పీకేసి, ఆ ప్లగ్గు కొంగున కట్టుకుని తిరుగుతోంది. తీగ వెనకాల ఈడ్చుకుంటూ మిషను కూడా వస్తుందేమోనని భయంగా ఉంది.

నాయనమ్మ ఆ చప్పుడుకి కూడా "ఏమైందిరా" అనలేదు. నాకు భయం వేసింది అక్కడే.

దీనికంతటికీ బాధ్యులు మీరు.

ఇట్లు,
వెనకడుగు వేయనివాడు

తా.క. ఎరుపు కనబడక్కర్లేదండీ. ఉంటే చాలు.

*

చిరంజీవి కరపత్రానికి దీవెనలు.

చించినందుకు చాలా సంతోషం. ఆ ఉత్తరమే నమూనా బాబూ. మీ మొదటి ఉత్తరం చదివాక అనుకున్నాను, ఈయనకి ఒక ముక్క కత్తిరించి పంపితే బల్ల మీద పెట్టేస్తాడు, ఉత్తరం పంపితే చించి పారేస్తాడు అని. కాగితం గుణం చిరిగినప్పుడే బయటపడుతుంది. కోపిష్టివాళ్ళ దగ్గర నాకు ఎప్పుడూ సరైన కబురే వస్తుంది.

ఇప్పుడు ఆ ముక్కలు తీయండి. ఒక వైపు తిన్నగా చిరిగి ఉంటుంది, ఇంకో వైపు వంకర్లు పోయి ఉంటుంది. తిన్నగా చిరిగిన వైపే కాగితానికి పోగు, అంటే లోపలి నారల వరస, నడుస్తోంది. కానీ అది మీ పనికి పల్చన. వేలికి ఆనదు.

ఈ ఉత్తరం రాసింది రెండొందల జీఎస్ఎం మీద. అంటే చదరపు మీటరు కాగితం రెండొందల గ్రాములు తూగుతుందని. చెవి దగ్గర పెట్టి ఆడించండి. తప్పెట మీద వేలు వేసినట్టు పలకాలి. తడిగుడ్డలా 'బుస్సు'మంటే గుజ్జు వదులుగా ఉన్నట్టు. అంచు మీద బొటనవేలు రాయండి. నూగు తగిలితే వద్దు. మనకి నూగంటే నూగే, వేళ్ళతో చదివేవాళ్ళకి అది అక్షరం మీద పేరుకున్న దుమ్ము.

ఎత్తుకోగానే పెద్ద మాటలు కోయకండి. ఓ మూల 'థ' ఒక్కటి కోయండి. ఒత్తు చెక్కుచెదరకుండా వస్తే మిగతా అన్నీ వస్తాయి. పొట్టలో చుక్క మాత్రం విడిగా ఊడి, మిషన్లో కాగితం కింద పరిచే జిగురు చాపకి అంటుకుపోతుంది. దాన్ని మర్చిపోకండి. చుక్క పోతే అది ఇంకో అక్షరం అయిపోతుంది.

అక్కగారికి కొత్త బ్లేడు పంపుతున్నాను. ముందు అది చేతికిచ్చి, తర్వాత మాట్లాడండి.

ఇట్లు,
కాగితాల కొట్టు

తా.క. ఈ ఉత్తరం చించకండి, కోయండి.

*

అయ్యా, నమస్కారం.

(నమస్కారం అని రాసినందుకు నా చెయ్యే ఆశ్చర్యపోయింది.)

పది రోజులుగా ఇంట్లో ఏ కాగితాన్నీ వదలడం లేదు. కరెంటు బిల్లు చెవి దగ్గర ఆడించాను, తడిగుడ్డే. బావ ఆఫీసు కాగితం చింపి పోగు చూశాను, అది చింపకూడనిదట. మీరు చెప్పిందల్లా అక్షరాలా నిజం. ఎన్నో సిద్ధాంతాలు చదివాను గాని, చింపగానే రుజువయ్యే సిద్ధాంతం ఇదే చూడటం.

కొత్త బ్లేడు చూడగానే అక్క ప్లగ్గు ఇచ్చేసింది. "ఆయన బుద్ధిలో పావు వంతు నీకుంటే నేను సుఖపడేదాన్ని" అంది. మీ ఉత్తరాన్నే మిషన్లో పెట్టి 'థ' కోశాం. ఒత్తు నిలిచింది! అంచు గాజుముక్కలా తేరింది. చుక్క చాప మీద దొరికింది. ఆ 'థ' వెనకాల మీ చేతిరాతలో 'బాబూ' అని ఉంది. దాన్ని జేబులో వేసుకుని తిరుగుతున్నాను.

అదే రకం ఇరవై షీట్లు తెప్పించి, నేను సొంతంగా రాసిన కరపత్రం, పదకొండు వరుసలు, మొత్తం కోసి అట్ట మీద అతికించాను. రెండు రోజులు పట్టింది. నాయనమ్మ ఒళ్ళో పెట్టి, ఆమె చెయ్యి తీసి దాని మీద ఉంచాను. వేళ్ళు గబగబా ముందుకు వెళ్ళాయి. ఆగాయి. మళ్ళీ మొదటికి వచ్చాయి. మళ్ళీ ఆగాయి.

"ఇవి అక్షరాలు కావురా" అంది మెల్లగా. అట్ట పక్కన పెట్టేసి, మొహం గోడ వైపు తిప్పుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడూ అంతే.

మీ కాగితం ఓడిపోయింది. లేదా నేను ఓడిపోయాను. మొదటిది రాయడమే నాకు తేలిక.

ఇట్లు,
ఏమీ తోచనివాడు

తా.క. ఈసారి మీరు ఏ కాగితం మీద రాసినా చించను. చించే ఓపిక లేదు.

*

బాబూ,

తప్పు కాగితానిది కాదు, మీదీ కాదు. అచ్చాఫీసులో నాయనమ్మగారు ఏం పని చేసేవారో మీరు రాయలేదు. నా అనుమానం కంపోజింగ్ అని.

వయసులో ఉండగా అచ్చాఫీసులకు కాగితం వేయడానికి వెళ్ళేవాణ్ణి. రీములు దింపడం మానేసి ఆ కంపోజిటర్లనే చూస్తూ నిలబడేవాణ్ణి. సీసపు అక్షరాలను అరల్లోంచి చూడకుండానే ఏరి, చేతిలోని పట్టీలో పేర్చేవారు. ఆ అక్షరాలు అద్దంలో బొమ్మల్లా తిరగబడి ఉంటాయి. పైగా తలకిందులుగా పేరుస్తారు. తప్పు పడితే మనలా కాగితం మీద కాదు, ఆ తిరగబడ్డ వరుసలోనే వేలితో పట్టేసేవారు. అంత గొప్ప చేతిపని నేను ఇంకెక్కడా చూడలేదు.

నాయనమ్మగారి కళ్ళు తిన్నటి అక్షరాలు చదివాయి. వేళ్ళు ముప్పై ఎనిమిదేళ్ళూ తిరగబడ్డవాటినే చదివాయి. ఇప్పుడు మీరు కళ్ళ అక్షరాలు తీసుకెళ్ళి వేళ్ళకి ఇచ్చారు. పాపం, వేళ్ళకి అవి కొత్త మొహాలు.

మిషన్లో బొమ్మను అద్దంలోలా తిప్పే మీట ఉంటుంది, అక్కగారిని అడగండి. పేజీ మొత్తం అలా తిప్పి, తర్వాత తలకిందులు చేసి ఒళ్ళో పెట్టండి. వరుస మామూలుగా ఎడమ నుంచి కుడికే నడుస్తుంది.

ఇట్లు,
కాగితాల కొట్టు

తా.క. ప్రపంచాన్ని తలకిందులు చేయాలని మీకు ఎటూ ఉంటుంది. ఒక పేజీతో మొదలుపెట్టండి.

*

కాగితాల పెద్దాయనకు వేల నమస్కారాలు.

కంపోజింగే! నాన్నని అడిగితే తెలిసింది. శ్రమించే చేతుల గురించి పద్దెనిమిది కరపత్రాలు చదివాను. మా వరండాలో ఉన్న చేతులను ఒక్కసారీ అడగలేదు. ఈ మాట మీకు తప్ప ఎవరికీ చెప్పను.

మీరు చెప్పినట్టే తిప్పి, తలకిందులు చేసి కోశాం. మంగళవారం పొద్దున్న నాయనమ్మ ఒళ్ళో పెట్టాను. వద్దన్నట్టు తోసేయబోయింది. తోసే చెయ్యి మొదటి అక్షరం మీద ఆగిపోయింది. ఎడం చేతి బొటనవేలు వరుస చివర ఆనించి, కుడి చేతి వేళ్ళు నడిపించింది. ఒక వరుస. రెండో వరుస.

"ఎవడ్రా ఇది కూర్చింది?" అంది.

"నేనే నాయనమ్మా."

"'పీడిత'లో దీర్ఘం మింగేశావు. మూడో వరుసలో ఒక మాట రెండుసార్లు పడింది. మా ఫోర్‌మన్ చూస్తే నీ చెవి మెలేసేవాడు." ఇంకో వరుస తడిమి, కుర్చీ మొత్తం నా వైపు తిప్పింది. "చీకటి తెరలు చీల్చుకు రండి, అని రాశావు. చూపు లేనిదాన్ని, నాకా చెప్తున్నావురా చీకటి గురించి!"

నవ్వింది అయ్యా! ఏడాది తర్వాత. అక్క నవ్వుతూ ఏడ్చేసింది. నా కంట్లో మాత్రం కాగితపు నూగు పడింది. మంచి కాగితానికి నూగుండకూడదని మీరే అన్నారు గనక, ఈ ఫిర్యాదు నమోదు చేసుకోగలరు.

ఆ తర్వాత నాయనమ్మ నా కరపత్రంలో అనవసరమనిపించిన మాటలన్నీ గోటితో ఒలిచేసింది. పదకొండు వరుసల్లో మిగిలిన మాట ఒక్కటే, 'రండి'. అక్క చేసే డబ్బాల్లో అరలు కట్టించుకుని, నా చేత మూడు రోజులు రాత్రింబగళ్ళు అక్షరాలు కోయించి, వాటిలో సర్దించుకుంది. ఇప్పుడు చదవడంతో ఆగటం లేదు. ఊరికే కూర్చుంటోంది అనుకునేరు, కూరుస్తోంది! నాకు ఉద్యోగం కూడా ఇచ్చింది, అరలు నింపడం. ఆలస్యమైతే తిట్లు. ఇంత ఆనందంగా నేనెప్పుడూ అణిచివేతకు గురికాలేదు.

మా వీధిలో చూపు తగ్గి మూలన కూర్చున్నవాళ్ళు ఇంకా నలుగురున్నారు. ఒక దర్జీ, ఒక లారీ డ్రైవరు, ఇద్దరు పెద్దమ్మలు. వాళ్ళందరికీ ఇంటింటికీ కబురు మోసింది నేనే.

ఇట్లు,
అచ్చాఫీసు అప్రెంటిసు

తా.క. కింది ప్రకటన నాయనమ్మ స్వయంగా కూర్చింది. 'ఓ జనులారా' అని ముందు చేర్చబోతే చేతి మీద కొట్టింది:

"కళ్ళు పని మానేసినవాళ్ళు వేళ్ళు తెచ్చుకోండి. మీకు తిన్నటి అక్షరాలు మనవడు కోసిపెడతాడు, తిరగబడ్డవి నేను చదువుతాను. కాగితాలాయన అట్టలు తీసుకుని తప్పక రావాలి, ఆయన్ని చూడలేకపోయినా చెయ్యి పట్టుకోవాలనుంది. ఆదివారం సాయంత్రం సరిగ్గా నాలుగు గంటలకి, మా వరండాలో. రండి, చదువుకుందాం."