గాంధీనగర్ కంటె అహ్మదాబాద్ పెద్దదని తేల్చుట గురించి

కోరుట్ల,
నవంబరు, 2011.

జగిత్యాల రెవెన్యూ డివిజనల్ అధికారి గారి సముఖమునకు, కోరుట్ల బస్టాండు వెనుక బట్టలు కుట్టుకొని బ్రతుకు హబీబుద్దీన్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: క్విజ్ పోటీలో నా కుమార్తె అల్ఫియాకు రావలసిన రెండు మార్కులు ఇప్పించుట గురించి.

1. అల్ఫియా తొమ్మిదవ తరగతి. సకల జనుల సమ్మెలో బడులు మూతబడిన దినములన్నియు నా మిషను పక్కన కూర్చుండి పాత జనాభా లెక్కల పుస్తకము చదివినది.

2. గత ఆదివారము జగిత్యాలలో ఉదయ యువజన సంఘము వారు పోటీ పెట్టిరి. గెలిచినవారు కరీంనగర్ పోటీకి వెళ్లుదురు. గుజరాత్‌లో అధిక జనాభా గల నగరమేదని అడుగగా అల్ఫియా అహ్మదాబాద్ అన్నది. "తప్పు! గాంధీనగర్. రాజధాని కన్న పెద్ద ఊరుంటదా?" అని క్విజ్ మాస్టరు అనెను. మధ్యప్రదేశ్‌కు ఇండోర్ అన్నది. అదియు తప్పేనట. భోపాలట!

3. అమ్మాయి కూర్చోలేదు. "సార్, రాజధానంటే సర్కారు కూసుండే ఊరు. మంది ఎక్కువుండే ఊరని ఎవలు చెప్పిండ్రు?"

"హైదరాబాద్ పెద్దది కాబట్టే గద ఇంత కొట్లాట?"

"హైదరాబాద్ మన బుగ్గారం పల్లెంతున్నా మనదే సార్!"

అయ్యా, హాలు మొత్తము లేచినది. జై తెలంగాణ కేకలకు రేకులు అదిరినవి. నేను కుర్చీ ఎక్కితిని. కుర్చీ విరిగినది. దానిపై వేరొక అర్జీ తమకు అందవచ్చును.

4. అయినను మార్కులు మారలేదు. అప్పుడు గెలిచిన భాగ్యశ్రీ తండ్రి, సిరిసిల్లలో సాంచెలు, అనగా మరమగ్గములు, నడుపు కార్మికుడు రాజలింగం మైకు అందుకొనెను. "సూరత్‌ల పదేండ్లు సాంచెలు నడిపిన. అహ్మదాబాద్ ముందట గాంధీనగర్ ఒక వాడకట్టంత. గీ కప్పు ఆ బిడ్డదే!" అనెను. నాకు కన్నీళ్లు ఆగలేదు. మాస్టరు మాత్రము, సిరాతో రాసినవి కొట్టివేయరాదనెను.

కావున జనాభా లెక్కలు తెప్పించి, నిజము తేల్చి, ఒక తండ్రి మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
హబీబుద్దీన్, దర్జీ.

తా.క. అర్జీ మడుచుచుండగా రాజలింగం కూతురితో, కప్పుతో బస్సు దిగెను. "భాయ్, కప్పు ఇచ్చేదాక నా బిడ్డ అన్నం ముట్టుతలేదు" అనెను. ఇద్దరినీ కరీంనగర్ పంపుదుమని ఇప్పుడే సంఘము వారి ఫోను. నా భార్య వహీదాబీ సేమ్యా చేయుచున్నది. కావున పై అర్జీ రద్దు. అయితే కోరుట్ల పెద్దదని అల్ఫియా, సిరిసిల్ల పెద్దదని భాగ్యశ్రీ గంట నుండి ఇల్లు పీకి పందిరి వేయుచున్నారు. జగిత్యాల పక్షాన వాదించుటకు ఇంట ఎవరును లేరు. సేమ్యా చల్లారకముందే తమరే దయచేయవలెను.