కలలో ఎక్కిన కొండ

జడ్జమ్మగారికి,

ఆరేండ్లుగా నా కడుపు మండతా ఉండాది. ఎవురో దారి అడిగితే చూపించినాను. వాళ్లు ఎర్రచందనం దొంగలని నాకేం తెలుసు? నన్నూ కేసులో ఇరికించి, బెయిలిచ్చేటప్పుడు, కేసు తేలేదాకా ఉదయగిరి కొండెక్కకూడదని షరతు పెట్టినారు. చెట్లను కాపాడాల్సిందే, కాదనను. అరవై ఏండ్లు ఆడ గొర్రెలు మేపినోణ్ణి, నాకూ హక్కుండాది. అయినా ఒక్కనాడూ షరతు తప్పలేదు.

నిన్న మజ్జాన్నం కునుకులో ఎక్కేసినాను. గొర్రెలు మబ్బులో ఈదతా ఉండాయి. చచ్చిపోయిన నా పెండ్లాం కామాక్షమ్మ వాగుకాడ కూచోని, "ఇన్నాళ్లూ యాడికి పోయినావు మామా, సంగటి చల్లారిపోయింది" అనింది.

"కొండెక్కొద్దని కోర్టు చెప్పింది" అన్నాను.

"నన్నైతే ఎవురూ ఆపలేదే" అని నవ్వింది.

ఇది షరతు తప్పినట్టా, కాదా? తప్పయితే జైల్లో పెట్టండి. కాకపోతే మెలకువలో ఎక్కనీయండి. వచ్చే శుక్రవారం లోపల జవాబు రాయండి. ఆపైన నా నిద్రకు నేను పూచీ కాదు.